కుండ ఎవరు పగలగొట్టారు?
(యూదు ద్వేషం – రాజకీయ పార్టీల రెండు తూకాలు)

“అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ” అని మన పెద్దలొక సామెత చెప్పారు. పగిలింది కుండే. కాని ఏ చెయ్యి తగిలి పగిలిందో చూసి దాని ఖరీదు కట్టడం లోకం తీరు. ఇంట్లో జరిగే ఈ తంతు రాజకీయ పార్టీల్లోకి వస్తే ఎట్లా ఉంటుంది? మనిషి పుట్టుకను చూసి ద్వేషించడమనే నేరం కూడా “మనవాడు చేశాడా, అవతలివాడు చేశాడా” అన్న ప్రశ్న మీద ఆధారపడితే చివరికి నష్టపోయేది ఎవరు? యూదు ద్వేషం గురించి బ్రిటన్ పార్టీల్లో 2015 తర్వాత నడిచిన గొడవను ఆధారం చేసుకొని ఈ సంగతిని వివరించాలని నా ప్రయత్నం.

లండన్ గొడవ మనకెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. యూదులు మనకు అంత దూరమేమీ కాదు. కొచ్చిలో, మహారాష్ట్ర కొంకణ తీరంలో వారు శతాబ్దాలుగా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. వాళ్లు తెలుగు మాట్లాడే యూదులు. వాళ్లకక్కడ ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఇక రెండు తూకాల సంగతంటారా, అది ఏ దేశానికీ కొత్తది కాదు.

పదం వెనుక చరిత్ర

ఇంగ్లీషులో ‘యాంటీ సెమిటిజం’ అంటారు. ‘సెమిటిక్’ అనేది నిజానికి ఒక భాషా కుటుంబం పేరు. హీబ్రూ, అరబ్బీ రెండూ అందులోవే. అందుకని “అరబ్బులు కూడా సెమిటిక్ వాళ్లే గదా, వాళ్లకు యూదు ద్వేషం ఎట్లా ఉంటుంది?” అని కొందరు వాదిస్తారు. ఈ వాదం నిలవదు. ‘ఆటమ్’ అంటే గ్రీకులో విభజించరానిది అని అర్థం. అంత మాత్రాన పరమాణువును చీల్చలేదని ఎవరైనా అంటారా? పదం పుట్టుక వేరు, వాడుక వేరు. 1879లో జర్మనీలో విల్‌హెల్మ్ మార్ అనే రచయిత ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు అతని ఉద్దేశం యూదులే. మతద్వేషంలాగా కాక ఏదో శాస్త్రీయ సిద్ధాంతంలాగా వినిపించాలని అట్లాంటి మాట వాడారు.

పదం కొత్తదైనా జబ్బు పాతది. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1290లో యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత, 1656లో క్రాంవెల్ కాలంలో గాని వాళ్లు మళ్లీ బహిరంగంగా అక్కడ బతకలేకపోయారు. ఫ్రాన్సులో 1894లో డ్రెఫస్ అనే యూదు సైనికాధికారిని దేశద్రోహి అని దొంగ సాక్ష్యాలతో శిక్షించారు. అతను నిర్దోషి అని తేల్చడానికి 1906 దాకా పట్టింది. యూదులు రహస్యంగా ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర పన్నుతున్నారంటూ 1903లో రష్యాలో ఒక బూటకపు పత్రం అచ్చయింది. అది బూటకమని 1921లో లండన్ టైమ్స్ పత్రిక రుజువు చేసింది. అయినా దాన్ని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ దారి చివరికి హిట్లర్ దగ్గరికి, అరవై లక్షల మంది యూదుల హత్య దగ్గరికి చేరింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మామూలు జాతి ద్వేషం ఎదుటివాణ్ణి తక్కువ చేసి చూస్తుంది. యూదు ద్వేషం తక్కువా చేస్తుంది, లేనిపోని శక్తినీ అంటగడుతుంది. బ్యాంకులు వాళ్లవే, పత్రికలు వాళ్లవే, యుద్ధాలు చేయించేది వాళ్లే అంటుంది. అందువల్ల పెత్తందార్లను ఎదిరించే పేదల పక్షం పార్టీలోకి కూడా ఇది దొంగదారిన దూరగలదు. “నేను ధనస్వామ్యాన్ని తిడుతున్నాను” అనుకుంటూనే మనిషి పాత విషాన్ని కక్కవచ్చు.

చిక్కుముడి ఎక్కడ?

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధంలో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇళ్లు కోల్పోయారు. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంకు, గాజా ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లాయి. ఒక ప్రభుత్వం చేసే పనిని విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది. ఆ విమర్శను చాలామంది యూదులే గట్టిగా చేస్తున్నారు. కాని విమర్శ ముసుగులో ద్వేషం నడవగలదు. ఆ ద్వేషాన్ని ఎత్తిచూపే నెపంతో న్యాయమైన విమర్శ నోరు నొక్కడమూ జరగగలదు. చిక్కుముడి పడింది సరిగ్గా ఇక్కడే.

దీన్ని విడదీయడానికి 2016లో అంతర్జాతీయ హోలోకాస్టు స్మారక కూటమి ఒక నిర్వచనం ఆమోదించింది. దానికి 11 ఉదాహరణలు జతచేసింది. వేరే ఏ ప్రజాస్వామ్య దేశం నుంచీ ఆశించని ప్రవర్తనను ఇజ్రాయెల్ నుంచి మాత్రమే కోరడం, అంటే రెండు తూకాలు వాడడం, ఆ ఉదాహరణల్లో ఒకటి. ఏ దేశాన్నయినా చేసేటటువంటి విమర్శే ఇజ్రాయెల్‌ను చేస్తే అది యూదు ద్వేషం కాదని కూడా ఆ పత్రమే చెప్పింది. ఈ నిర్వచనానికి తొలి చిత్తుప్రతి రాసినవారిలో ముఖ్యుడైన కెన్నెత్ స్టెర్న్ తర్వాతి కాలంలో, విశ్వవిద్యాలయాల్లో మాటల మీద ఆంక్షలు పెట్టడానికి దాన్ని వాడడం తప్పని అభ్యంతరం చెప్పాడు. 2021లో వేరే పండితులు కొందరు జెరూసలేం ప్రకటన పేరుతో మరో నిర్వచనం తెచ్చారు. కొలబద్ద ఏదన్న దాని మీదే తగాదా ఉన్నప్పుడు, కొలిచేవాడి నిజాయితీకి ఇంకా ఎక్కువ విలువ ఉంటుంది.

లేబర్ పార్టీ కథ

2015 సెప్టెంబరులో జెరెమీ కార్బిన్ లేబర్ పార్టీ నాయకుడయ్యాడు. ఆయన పాలస్తీనా పక్షాన దశాబ్దాల తరబడి నిలబడ్డ వామపక్షవాది. పార్టీలోకి కొత్త సభ్యులు లక్షల్లో చేరారు. పాత నాయకుల్లో చాలామందికి ఆయనంటే గిట్టదు. అంటే గొడవ రాకముందే పార్టీ రెండు ముఠాలుగా చీలి ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది బాగా అర్థమవుతుంది.

2016 ఏప్రిల్‌లో నాజ్ షా అనే పార్లమెంటు సభ్యురాలు, తాను ఎన్నిక కాకముందు 2014లో ఫేస్‌బుక్‌లో పెట్టిన మాటలు బయటపడ్డాయి. ఇజ్రాయెల్‌ను తీసుకెళ్లి అమెరికాలో పెట్టాలనే బొమ్మ అందులో ఒకటి. ఆమె సాకులు చెప్పలేదు. సభలో లేచి క్షమాపణ చెప్పారు. పార్టీ ఆమెను సస్పెండు చేసి, జులైలో తిరిగి తీసుకుంది. ఆమెను వెనకేసుకురావడానికి బయల్దేరిన లండన్ మాజీ మేయరు కెన్ లివింగ్‌స్టన్ మాత్రం, హిట్లర్ ఒకప్పుడు జియోనిజాన్ని సమర్థించాడని రేడియోలో అన్నాడు. చివరిదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అతన్ని పార్టీ నుంచి బహిష్కరించకుండా సస్పెన్షను మీద సస్పెన్షను పెట్టుకుంటూ రెండేళ్లు సాగదీశారు. 2018లో అతనే రాజీనామా చేశాడు. తప్పు ఒప్పుకున్నామె కథ మూడు నెలల్లో ముగిసింది, ఒప్పుకోనివాడి కథ రెండేళ్లు నడిచింది.

పార్టీ వేసిన ఎంక్వయిరీకి భారతీయ సంతతి న్యాయవాది షమీ చక్రబర్తి అధ్యక్షురాలు. పార్టీని యూదు ద్వేషం ముంచెత్తలేదు గాని అప్పుడప్పుడు వాతావరణం విషపూరితంగా ఉంటున్నదని ఆమె 2016 జూన్‌లో నివేదిక ఇచ్చారు. రెండు నెలలు తిరగకుండానే కార్బిన్ ఆమెను ప్రభువుల సభకు ప్రతిపాదించాడు. దాంతో నివేదికలో ఉన్న మంచి సూచనల మీద కూడా జనానికి నమ్మకం పోయింది. అదే సంవత్సరం అక్టోబరులో పార్లమెంటు హోం వ్యవహారాల కమిటీ చెప్పిన మాట రెండు వైపులా పదునైనది. మిగతా పార్టీలకంటె లేబర్‌లోనే ఈ ద్వేషం ఎక్కువనడానికి నమ్మదగిన ఆధారం లేదన్నది. లేబర్ నాయకత్వం దాన్ని అరికట్టడంలో మెతకగా ఉందని కూడా అన్నది. ఒక ముఠా మొదటి వాక్యాన్ని, రెండో ముఠా రెండో వాక్యాన్ని పట్టుకొని ఊరేగాయి. రెండు వాక్యాలూ కలిపి చదివినవాళ్లు తక్కువ.

2018 మార్చిలో యూదు సంఘాలు పార్లమెంటు ముందు ప్రదర్శన చేశాయి. అదే సంవత్సరం పార్టీ మహాసభకు యూదు సభ్యురాలు లూసియానా బర్జర్ పోలీసు రక్షణతో రావాల్సి వచ్చింది. ఆమెను వేధించినందుకు అంతకుముందే తీవ్ర మితవాద వ్యక్తులు జైలుకు వెళ్లారు. ఇప్పుడు సొంత పార్టీ వైపు నుంచి కూడా తిట్లు మొదలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ఆమె పార్టీ విడిచిపెట్టారు. ఆరోపణలన్నీ కల్పితమనేవాళ్లు ఆమె అనుభవానికి ఏం జవాబు చెప్తారు?

ప్రభుత్వ చట్టం కింద పనిచేసే సమానత్వ, మానవ హక్కుల కమిషను 2020 అక్టోబరులో తీర్పులాంటి నివేదిక ఇచ్చింది. కమిషను 70 ఫిర్యాదుల ఫైళ్లు పరిశీలించింది. నాయకుడి ఆఫీసు వగైరా రాజకీయ జోక్యం చేసుకున్న సందర్భాలు 23 కనిపించాయి. వేధింపు విషయంలో పార్టీ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. తప్పులున్న మాట నిజమేగాని రాజకీయ ప్రత్యర్థులూ పత్రికలూ దాన్ని చాలా పెద్దది చేసి చూపారని కార్బిన్ ఆ రోజే అన్నాడు. ఆ మాటకే అతన్ని సస్పెండు చేశారు. తర్వాత సభ్యత్వం ఇచ్చినా పార్లమెంటు పక్షంలోకి రానివ్వలేదు. 2024లో అతను ఇండిపెండెంటుగా నిలబడి గెలిచాడు.

కథ ఇక్కడితో ఆగితే నీతి సులువు. కాని 2022 జులైలో న్యాయవాది మార్టిన్ ఫోర్డ్ నివేదిక వచ్చింది. ఇంత తీవ్రమైన సమస్యను పరిష్కరించవలసింది పోయి, రెండు ముఠాలూ దాన్ని ఒకదాని మీద ఒకటి ఆయుధంగా వాడుకున్నాయని అది చెప్పింది. పార్టీలో జాత్యహంకారానికి కూడా మెట్లున్నాయని, నల్లవారి మీదా ముస్లింల మీదా జరిగే అవమానాలను అంత గట్టిగా పట్టించుకోవడం లేదని చాలామంది సభ్యులు వాపోయారని కూడా చెప్పింది. ఒకరి గాయానికి డాక్టరు, ఇంకొకరి గాయానికి “తర్వాత చూద్దాం”.

నాయకత్వం మారాక మాత్రం తూకం సరిపడిందా? 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. తర్వాత గాజాలో ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో పదుల వేల మంది ప్రాణాలు పోయాయి. ఆ నెలాఖరులో, ఒక సభలో అన్న ఒక్క వాక్యానికి వామపక్ష సభ్యుడు ఆండీ మెక్‌డొనాల్డ్‌ను పార్టీ వెంటనే సస్పెండు చేసింది. 2024 మార్చిలో గాని తిరిగి తీసుకోలేదు. అదే పార్టీ 2024 ఫిబ్రవరిలో రాచ్‌డేల్ ఉప ఎన్నికలో తన అభ్యర్థి అజహర్ అలీ విషయంలో వేరే రకంగా నడిచింది. ఇజ్రాయెల్ కావాలనే తనమీద దాడి జరగనిచ్చిందని అతను అన్న మాట బయటపడ్డాక కూడా, క్షమాపణ చెప్పాడు గదా అని మొదట అండగా నిలబడింది. ఇంకా మాటలు బయటపడిన తర్వాత గాని వదులుకోలేదు. అభ్యర్థి అవసరం ఉన్నప్పుడు త్రాసు ముల్లు ఎటు వంగుతుందో చూడండి.

అవతలి పార్టీ సంగతి

లేబర్‌ను దుమ్మెత్తిపోసిన కన్సర్వేటివ్ పార్టీ గురివింద గింజ లాంటిది, తన కింది నలుపు ఎరగదు. 2018 సెప్టెంబరులో హంగరీ ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం మీద చర్య తీసుకోవాలని యూరోపియన్ పార్లమెంటులో తీర్మానం వచ్చింది. యూదు సంపన్నుడు జార్జి సోరోస్‌ను దేశానికి శత్రువుగా చిత్రించి గోడల నిండా పోస్టర్లు వేయించిన ప్రభుత్వం అది. ఆ తీర్మానానికి వ్యతిరేకంగా బ్రిటిష్ కన్సర్వేటివ్ సభ్యుల్లో ఎక్కువమంది ఓటు వేశారు. అదే సంవత్సరం, అదే పార్టీ, లేబర్ యూదు ద్వేషం మీద రోజూ ఉపన్యాసాలిస్తున్నది.

ముస్లింల విషయంలోనూ అంతే. పార్టీ మాజీ అధ్యక్షురాలు సయీదా వార్సీయే ఎంక్వయిరీ వెయ్యమని మొత్తుకున్నారు. సమానత్వ కమిషను, పార్టీ తనంతట తానే విచారణ పెట్టుకుంటున్నది గదా అని 2020లో పక్కకు తప్పుకుంది. ఆ విచారణ చేసినవారు ప్రొఫెసర్ స్వరణ్ సింగ్. 2021 మేలో ఆయన ఇచ్చిన నివేదిక ప్రకారం 2015–2020 మధ్య పార్టీకి 727 సంఘటనల మీద 1,418 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో మూడింట రెండు వంతులు ముస్లిం వ్యతిరేకతకు సంబంధించినవే. 2024 మార్చిలో మరో సంగతి బయటికొచ్చింది. పార్టీకి కోటి పౌండ్లు విరాళమిచ్చిన ఫ్రాంక్ హెస్టర్, నల్లజాతి పార్లమెంటు సభ్యురాలు డయాన్ ఆబట్ గురించి 2019లో అతి నీచంగా మాట్లాడాడు. మాట జాత్యహంకారమేనని ప్రధాని చివరికి ఒప్పుకున్నాడు. డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఇదే ఆబట్ ఏడాది ముందు, 2023 ఏప్రిల్‌లో, యూదులు ఎదుర్కొనేది దురభిప్రాయమేగాని జాత్యహంకారం కాదన్నట్టు పత్రికకు ఉత్తరం రాసి లేబర్‌లో సస్పెండయ్యారు. ఒకే మనిషి ఒకచోట ద్వేషానికి గురైంది, ఇంకొకచోట మరొకరి బాధను చిన్నది చేసింది. బాధితులైనంత మాత్రాన తూకం సరిగ్గా తెలుస్తుందనే హామీ లేదన్న మాట.

అమెరికాలోనూ ఇదే వరస. 2021 ఫిబ్రవరిలో డెమొక్రాట్లు మెజారిటీలో ఉండగా, యూదు రాత్‌చైల్డ్ కుటుంబం పేరు కలిపిన కుట్ర కథలతో సహా పలు రాతలకుగాను రిపబ్లికన్ సభ్యురాలు మార్జొరీ టేలర్ గ్రీన్‌ను ప్రతినిధుల సభ కమిటీల నుంచి 230–199 ఓట్లతో తీసేశారు. 2023లో రిపబ్లికన్లు మెజారిటీకి రాగానే గ్రీన్‌కు కమిటీలు తిరిగి ఇచ్చారు. ఆ మర్నెలలోనే, 2019లో యూదుల డబ్బు ప్రస్తావన వచ్చేలా రాసి క్షమాపణ చెప్పిన డెమొక్రాట్ సభ్యురాలు ఇల్హాన్ ఒమర్‌ను 218–211 ఓట్లతో విదేశాంగ కమిటీ నుంచి తీసేశారు. ఎవరు మెజారిటీ అయితే నేరం అవతలి పక్షానిది.

రెండు తప్పుడు వాదాలు

ఈ కథలన్నిటిలో రెండు వాదాలు పదే పదే వినిపిస్తాయి. మొదటిది, “ఈ ఆరోపణలన్నీ మమ్మల్ని దెబ్బతీయడానికే” అనేది. ఆరోపించేవాడి ఉద్దేశం చెడ్డదే కావచ్చు. కాని ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన విషయం అబద్ధం కాదు. పగవాడు వచ్చి “నీ చేలో పురుగు పడింది” అని నవ్వినా సరే, రైతు చేసే మొదటి పని చేలోకి పోయి ఆకు తిప్పి చూడడం. నవ్వినవాడితో తగాదా పెట్టుకొని గట్టు మీదే నిలబడితే పంట పోతుంది.

రెండోది, “వాళ్లు మాత్రం తక్కువా?” అనేది. అవతలివాడి రెండు తూకాలు బయటపెట్టడం న్యాయమే, అవసరమే. కాని అది ఫిర్యాదుగా ఉండాలేగాని జవాబుగా పనికిరాదు. కన్సర్వేటివ్‌లు ముస్లింలను అవమానిస్తే లేబర్‌లోని యూదు సభ్యురాలికి పడిన తిట్లు చెరిగిపోవు. లేబర్‌లో తప్పుంటే కన్సర్వేటివ్‌ల తప్పు ఒప్పయిపోదు.

ఈ రెంటికీ తోడు మూడో ప్రమాదం ఉంది. రాజకీయ అవసరానికి ఉత్తుత్తి ఆరోపణ చేసిన ప్రతిసారీ ఆ మాట అరుగుతుంది. ‘నాన్నా, పులి!’ కథ మనందరికీ తెలుసు. అందులో గొర్రెల కాపరి అల్లరికి శిక్షపడింది అతనికే. ఇక్కడ ముఠాలు అల్లరి చేస్తే పులి నోట పడేది వేరేవాళ్లు. బ్రిటన్‌లో యూదుల భద్రత చూసే సంస్థ 2023 ఒక్క సంవత్సరంలో 4,000కు పైగా యూదు వ్యతిరేక సంఘటనలు నమోదు చేసింది. 2025 అక్టోబరు 2న, వాళ్లకు అతి పవిత్రమైన యోమ్ కిప్పుర్ రోజున, మాంచెస్టర్‌లో ప్రార్థనా మందిరం మీద దాడి జరిగి ఇద్దరు యూదులు చనిపోయారు. నిజమైన పులి ఇది. ప్రార్థనకు పోయినవాళ్లకు ఏ ముఠాతోనూ పని లేదు.

ఒకే రాయితో తూచడం

కొనేటప్పుడొక రాయి, అమ్మేటప్పుడొక రాయి వాడే వర్తకుడి సంగతి రైతు బిడ్డలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆశ్చర్యమేమంటే యూదుల ధర్మశాస్త్రంలోనే, ద్వితీయోపదేశ కాండం 25వ అధ్యాయంలో, సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకోవద్దని శాసనం ఉంది. ఈ వివాదం మొత్తానికి అంతకంటె మంచి సూత్రం నాకు కనపడలేదు.

మన ప్రయోగశాలలో స్క్రూగేజితో కొలిచేముందు శూన్యాంశ దోషం చూసుకుంటాం. పరికరంలో దోషముండడం నేరం కాదు. దోషమెంతో రాసుకొని తీసివేస్తే కొలత సరిగ్గానే వస్తుంది. కాని తీగను బట్టి దోషం మారితే ఆ పరికరాన్ని ఏం చేస్తాం? పార్టీల పక్షపాతం సరిగ్గా అటువంటిది. అందుచేత ఏ ఆరోపణ విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈ మాటే మన ప్రత్యర్థి అని ఉంటే నేనేమనేవాణ్ణి? ఈ మాటే యూదుల గురించి కాక ముస్లింల గురించో నల్లవారి గురించో, లేదా వాళ్ల గురించి కాక యూదుల గురించో అని ఉంటే ఏమనేవాణ్ణి? ఒక ప్రభుత్వం చేసిన పనికి ఆ పని చెయ్యని మనుషుల్ని, వాళ్ల పుట్టుక చూసి, జవాబు అడుగుతున్నానా? మూడింటికీ ఒకే రకంగా జవాబు వస్తే మన రాయి సరైనదే.

పార్టీలకు కావలసింది కూడా పెద్ద చిట్కా ఏమీ కాదు. ఫిర్యాదు విచారించేవాళ్లు నాయకుడి చేతికింద ఉండగూడదు. నియమాలు ముందే రాసి ఉండాలి. తప్పు ఒప్పుకున్నవాడికీ, మొండికేసినవాడికీ తేడా ఉండాలేగాని మన ముఠావాడికీ పరాయి ముఠావాడికీ తేడా ఉండగూడదు.

మిత్రులారా, లేబర్, కన్సర్వేటివ్ అన్న పేర్లు తీసేసి చూడండి. మన హాస్టలు గదుల్లో కులం పేరెత్తి ఎవరైనా ఒక మాట జారినప్పుడు, మనవాడైతే “ఏదో సరదాకన్నాడు లెండి” అనీ, అవతలివాడైతే “వాళ్ల బుద్ధే అంత” అనీ మనం అనడం లేదా? ఆ మాట పడ్డవాడికి మాత్రం రెండూ ఒకటే. వాడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినడు. అన్నవాడు ఏ జట్టో చూడకుండా, పడ్డవాడి పక్కన కూర్చోవడంతో మనం మొదలుపెట్టవచ్చు.